సంతకం పెడితేనే సెలవు

ఆ రోజు పెద్ద గుమస్తాకు ఉన్న పనల్లా ఒక్క సంతకం తెచ్చుకోవడం. సాయంత్రం ఆరింటికి బస్సు. కూతురికి బిడ్డ పుట్టి నెల దాటింది, ఈయన ఇంకా మనవరాలి మొహం చూడలేదు. రెండుసార్లు ప్రయాణం పెట్టుకున్నాడు, రెండుసార్లూ నగరపాలక సంస్థ పనులు కాళ్లకు అడ్డం పడ్డాయి. అందుకే భార్య పొద్దున్నే పెట్టె సర్ది గుమ్మం పక్కన పెట్టింది.

"ఈసారీ రాకపోతే పిల్లకి మీ ఫోటో చూపించి, ఇదిగోనమ్మా తాతయ్య, ఆఫీసులో ఉంటాడు అని చెప్పి వస్తా," అంది.

"ఒక్క సంతకమే కదే. పదింటికల్లా అయిపోతుంది," అన్నాడాయన.

ఆ సంతకం గొడవ తెచ్చిపెట్టిందీ ఆయనే. నిరుడు పరిపాలనా విధానాలు సవరించమని పైనుంచి ఉత్తరం వస్తే, మూడు వారాలు కూర్చుని నియమాలన్నీ తనే రాశాడు. ఫిర్యాదు చేసిన మనిషి సంతకం పెడితేనే ఫిర్యాదు తీరినట్టు. ఎవరి పేరు మీద ఒక్క ఫిర్యాదు మిగిలినా వారికి సెలవు లేదు, అటెండరు మొదలు కమిషనరు దాకా. ఒక్కో ఫిర్యాదుకు ఒక్కో నంబరు, ఒక్కో నంబరుకు ఒక్కో చర్య. రాసినప్పుడు అందరూ శభాష్ అన్నారు. చెప్పొద్దూ, కత్తి నూరినవాడికి దాని పదును తన వేలు తెగితే గానీ తెలియదు.

ఆయన పేరు మీద మిగిలింది ఒకటే. వడ్రంగుల వీధిలో మురుగు కాలువ మూత విరిగిందని ఉద్యోగం విరమించిన టీచరమ్మ రాసింది. కొత్త మూత నిన్ననే వేశారు. ఆయన రిజిస్టరు చంకన పెట్టుకుని వెళ్లేసరికి ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"మూత బాగుంది నాయనా. అది దించేటప్పుడు మీవాళ్లు నా మెట్టు పగలగొట్టారు. మెట్టు కూడా వేయించు, సంతకం పెడతా."

"మెట్టు వేరే ఫిర్యాదవుతుందండీ."

"వేరేగానే రాసుకో. రెండూ కలిపి పెడతా. నాకేం తొందర లేదు."

రాసుకున్నాడు. పదకొండింటికి మేస్త్రి వచ్చాడు. పనిమంతుడే, కానీ చెయ్యి దూకుడు. పగిలిన మెట్టు కింద గునపం ఒక్క పోటు వేశాడో లేదో, నీళ్లు నిలువెత్తున లేచాయి.

"ఇక్కడ గొట్టం ఉందని ఎవరూ చెప్పలేదే," అన్నాడు మేస్త్రి, మొహం తుడుచుకుంటూ.

వీధిలో కుళాయిలన్నీ ఆగిపోయాయి. ఏడిళ్లవాళ్లు బయటికొచ్చి, గొట్టాన్ని చూసి, గుమస్తా చేతిలో రిజిస్టరును చూశారు.

"ఎలాగూ వచ్చావుగా బాబాయ్, మాదీ రాసుకో."

"ముందు మాది అన్నయ్యా. గిన్నెలన్నీ సబ్బు నురగలో ఉన్నాయి."

కాదనడానికి నియమం ఒప్పుకోదు. ఏడిళ్లకు ఏడు నంబర్లు పడ్డాయి. ఆయన నీటి విభాగానికి ఫోన్ చేసి, ఏడూ చదివి వినిపించి, గొట్టం అతికేదాకా ట్యాంకరు పంపమన్నాడు. అవతలి మనిషి ఒక్కో నంబరూ బుద్ధిగా రాసుకున్నాడు.

ఒంటిగంటకు ట్యాంకరు వచ్చింది. దాని వెనక ఇంకోటి. దాని వెనక మరోటి. రెండు సైకిళ్లు ఎదురైతే ఒకటి దిగి నడిపించాల్సిన ఆ వీధిలోకి, ఏడు ట్యాంకర్లు ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు దూరాయి.

"ఇన్నెందుకయ్యా?" అన్నాడు గుమస్తా, మొదటి డ్రైవరుతో.

"నంబరుకో చర్య అన్నారుగా సార్. కాగితం కింద మీ సంతకమే ఉంది."

"సరే, ఆరు వెనక్కి తీసుకుపోండి."

"నిండు ట్యాంకరు వెనక్కి తెస్తే సంజాయిషీ ఇవ్వాలి సార్. ఆ నియమం కూడా..."

"నేనే రాశాను. తెలుసులే."

గోరుచుట్టు మీద రోకలిపోటులా అప్పుడే సెలూన్ అతను, గోడకూ ట్యాంకరుకూ మధ్య సందులోంచి పక్కవాటుగా జారుతూ వచ్చాడు.

"తలుపుకు అడ్డంగా బండి పెట్టారు, లోపలంతా చీకటి. ఒక మనిషికి సగం గడ్డం గీశాను. మిగతా సగం ఎక్కడుందో కనపడటం లేదు. రాసుకోండి సార్."

అది పదో నంబరు. గుమస్తా గడియారం చూసుకున్నాడు. రెండున్నర. చొక్కా చేతులు పైకి మడిచి, ఇంటింటికీ వెళ్లి, "ఈ ట్యాంకర్లు ఖాళీ చేసి పెట్టండమ్మా, మీకు పుణ్యముంటుంది," అని బతిమాలాడు. వీధి వీధంతా బకెట్లతో కదిలింది. గిన్నెలు తోమారు, గోడలు కడిగారు, ఎవరిదో ముసలి మంచం కడిగారు. ఆఖరికి కడగడానికేమీ మిగలక ట్యాంకర్లనే కడిగారు. టీచరమ్మ మధ్యలో నిలబడి, "ఆ మూల వదిలేశారు, ఆ మూల," అని అజమాయిషీ చేసింది. ఈలోగా మేస్త్రి గొట్టం అతికించి మెట్టు కట్టాడు. నాలుగున్నరకు ట్యాంకర్లు కదిలాయి, పది నంబర్లకూ సంతకాలు పడ్డాయి. రెండు బుగ్గలూ నున్నబడ్డ మనిషి అడక్కుండానే సాక్షి సంతకం చేశాడు.

ఐదింటికి కమిషనరు రిజిస్టరు తిరగేసి కళ్లద్దాలు తీశాడు.

"ఒక్క రోజులో, ఒక్క వీధిలో పది తీర్చారా? రేపు పక్క నగరాలవాళ్లు మన విధానాలు చూడటానికి వస్తున్నారు. నాకేమో రేపటినుంచి సెలవు. మీరే ఉండి వాళ్లకు వివరించాలి. మీ సెలవు సంగతి వచ్చే నెల చూద్దాం."

గుమస్తా కిందికి దిగాడు. బస్సుకు వేళవుతోందని పెట్టెతో సహా ఆఫీసుకే వచ్చి, దాని మీదే కూర్చున్న భార్యకు సంగతి చెప్పాడు. ఆవిడ అరవలేదు, ఏడవలేదు.

"ఫిర్యాదుల గది ఎక్కడండీ?" అంది.

లోపలికి వెళ్లి కాగితం అడిగి రాసింది: మా వారికి రావలసిన సెలవు ఆపారు, బాధ్యులు కమిషనరుగారు. గుమస్తా తన చేతులతోనే దానికి నంబరు వేయాల్సి వచ్చింది. నియమాల్లో బంధుత్వం మాట ఎక్కడా లేదు.

కబురు విని కమిషనరు కిందికి వచ్చాడు.

"అమ్మా, దీని గురించి తీరిగ్గా మాట్లాడుకుందాం. ముందిక్కడ సంతకం పెట్టేయండి."

"తీరకుండా ఎలా పెడతానండీ. మీకూ రేపటినుంచి సెలవట కదా?"

కమిషనరు గోడ మీద అతికించిన నియమాలను రెండుసార్లు చదివాడు. "కమిషనరు దాకా అని ఎవరు రాశారయ్యా?"

"నేనేనండి."

గుమస్తా సెలవు కాగితం మీద సంతకం పడింది. పక్క నగరాలవాళ్లను వచ్చే నెల రమ్మని ఫోన్ వెళ్లింది. ఆవిడ మాత్రం అక్కడ సంతకం పెట్టలేదు. మొగుడు బస్సెక్కి కూర్చునేదాకా పెట్టనంది. అటెండరు రిజిస్టరు పట్టుకుని బస్టాండు దాకా వెంట నడిచాడు. బస్సు కదలబోతుంటే ఆవిడ కిటికీలోంచి రిజిస్టరు అందుకుని సంతకం చేసి, 'ఫిర్యాదుదారుకు తృప్తి కలిగిందా' అన్న గడిలో 'ప్రస్తుతానికి' అని రాసి ఇచ్చింది.