ప్రభుత్వ లాంఛనాలతో పరారీ

"ఇకమీదట ఈ రాష్ట్రంలో ఏ జైలు నుంచి ఏ ఖైదీ పారిపోయినా, ఆ సంగతి గంటలోగా పోలీసులకూ ప్రజలకూ తెలిసి తీరాలి. ఇది చట్టం" అని జైళ్ళ శాఖ మంత్రిగారు ప్రకటించారు. అప్పటిదాకా ప్రజలకు ఆ సంగతి పెరట్లో ఆరేసిన పంచె కనిపించనప్పుడు తెలిసేది.

ఈ ప్రకటనను తులసమ్మ మామిడి బుట్ట అడుగున చదివింది. నూజివీడు నుంచి విస్సన్నపేట పోయే దారిలో రసాలపాలెం ఉంది. అక్కడ శ్రీరాములుగారి షెడ్డులో బుట్టలకు పాత పేపర్లు పరిచి కాయలు సర్దడం ఆవిడ పని. ఆ పేపర్ల మీదే కూడబలుక్కుని చదువు నేర్చుకుంది. జైలు అన్న మాట కనిపించేసరికి చేతిలో కాయ పక్కన పెట్టి చివరిదాకా చదివింది. తమ్ముడు చిన్నయ్య ఊళ్ళో సబ్ జైల్లోనే ఉన్నాడు. ఎవరి తోటలోనో గంపెడు రసాలు కోసినందుకు నెల్లాళ్ళ శిక్ష. శుక్రవారంతో ఆఖరు. శనివారం పొద్దున్నే వచ్చేట్టయితే తోట కాపలా పని ఇస్తానని శ్రీరాములుగారు ఒప్పుకున్నారు. తులసమ్మ మొగుడు కాయల లారీ మీద కలకత్తా వెళ్ళి పదిహేనేళ్ళయింది, ఇంకా రాలేదు. మనుషుల్ని సాగనంపడంలో ఆవిడకు అనుభవం ఉంది గాని, ఎదురెళ్ళి తెచ్చుకోవడం ఇదే మొదలు.

కొత్త చట్టాన్ని ప్రారంభించడానికి మంత్రిగారు రసాలపాలేన్నే ఎంచుకున్నారు. అవి కాయ పండే రోజులు కావడం కేవలం కాకతాళీయం. సైరన్ వచ్చింది. జీపుకు మైకు కట్టారు. నోటీసులు అచ్చయ్యాయి. లేనిదల్లా పారిపోయేవాడు. పదకొండేళ్ళుగా ఆ జైలు నుంచి ఎవడూ పారిపోలేదు. సూపరింటెండెంటు వీరభద్రరావుగారు ఇన్నాళ్ళూ దీన్ని ఘనత అనుకున్నారు. పైనుంచి ఫోను వచ్చాక అది నిర్లక్ష్యమని గ్రహించారు.

మంగళవారం తమ్ముణ్ణి చూడటానికి వచ్చిన తులసమ్మకు ఆయన కుర్చీ వేయించారు.

"తులసమ్మా, రేపు మీవాడు పారిపోవాలి."

"ఎందుకు బాబూ? శుక్రవారం ఎటూ వదిలేస్తారుగా."

"అందుకేగా వాణ్ణి ఎంచుకుంది. ఇంకా రెండేళ్ళ శిక్ష ఉన్నవాణ్ణి వదిలితే నిజంగానే పోతాడు."

"మళ్ళీ లోపలికి రానిస్తారా అండీ?"

"రాక ఎక్కడికి పోతాడు? మధ్యాహ్నం భోజనం ఇక్కడేగా."

ఊచల అవతలి నుంచి చిన్నయ్య అందుకున్నాడు. "ఊరుకో అక్కా. మంత్రిగారు చూస్తుండగా పారిపోయే యోగం ఎంతమందికి పడుతుంది?"

బుధవారం పదకొండింటికి మంత్రిగారు రిబ్బను కత్తిరించారు. గోడ దూకితే చొక్కా చిరుగుతుందని వార్డరు గేటు తీశాడు. చిన్నయ్య మంత్రిగారికి నమస్కారం పెట్టి పారిపోయాడు. మంత్రిగారు ప్రతినమస్కారం చేసి సైరన్ నొక్కారు. తర్వాత జైలు రిజిస్టరులో 'పరారీ' అన్న గడిలో స్వహస్తాలతో సంతకం చేశారు.

"ఐదడుగుల నాలుగంగుళాలు, ఎడమ చెంప మీద మచ్చ, మిక్కిలి ప్రమాదకారి" అని జీపు వీధివీధీ తిరిగింది. షెడ్డులో అక్క పక్కన కూర్చుని కాయలు సర్దుతూ చిన్నయ్య చెవి ఒగ్గాడు.

"నా గురించేనా అక్కా?"

"నీ గురించేరా. ముందు నువ్వు జైలుకి పద, నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు."

ఒంటిగంటకు ఆవిడే గేటు దాకా వెళ్ళి, వాడు లోపలికి పోయేదాకా చూసి వచ్చింది. హెచ్చరిక విని బజారులో కొట్లన్నీ మూతపడ్డాయనీ, ప్రజల అప్రమత్తత అపూర్వమనీ పేపర్లో పడింది. ఆ బజారుకు బుధవారం సెలవన్న సంగతి పేపరువాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

శుక్రవారం ఉతికిన చొక్కా పట్టుకుని తులసమ్మ జైలుకు వెళ్ళింది. గుమాస్తా భానుమూర్తిగారు రిజిస్టరు తిప్పారు.

"చిన్నయ్యా? పారిపోయాడుగా."

"వచ్చేశాడు బాబూ. అడుగో, మూడో గదిలోంచి చెయ్యూపుతున్నాడు."

భానుమూర్తిగారు కళ్ళజోడు సవరించుకుని చూశారు. ఉన్నదాన్ని లేదనే మనిషి కాదాయన.

"ఉన్నాడమ్మా. పరారీలో ఉన్నాడు. పరారీలో ఉన్నవాణ్ణి ఎలా విడుదల చెయ్యను?"

"వచ్చినట్టు రాసుకోండి."

"పోలీసులు పట్టుకొస్తే రాయడానికి గడి ఉంది. తనంతట తాను వచ్చినవాడికి లేదు. ఇంతవరకు ఎవడూ రాలేదు మరి."

"పోనీ, ఆ పరారీ కొట్టేయండి."

"మంత్రిగారి సంతకాన్నా?" అని భానుమూర్తిగారు రిజిస్టరు మూసేశారు.

గేటు పక్కన నోటీసు అంటించి ఉంది. తులసమ్మ వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే చదివింది. 'ఈ ఖైదీ ఎక్కడ కనిపించినా తక్షణం పోలీసులకు తెలుపవలెను. ఆశ్రయమిచ్చినవారు శిక్షార్హులు.' ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. పోలీసులు వచ్చి వాణ్ణి పట్టుకుంటే గడి నిండుతుంది, సాయంత్రానికి ఇంటికి తెచ్చుకోవచ్చు. పరుగున స్టేషన్‌కు వెళ్ళింది.

"ఎక్కడ చూశావమ్మా?" అన్నారు ఎస్సై నరసింహంగారు.

"సబ్ జైల్లో బాబూ. మూడో గది."

ఎస్సైగారు శ్రద్ధగా రాసుకుని ఫోనెత్తారు. "వీరభద్రరావు గారూ, పరారీ ఖైదీకి మీరు ఆశ్రయమిస్తున్నట్టు సమాచారం అందింది. వస్తున్నాను."

వీరభద్రరావుగారు చట్టానికి భయపడే మనిషి. ఫోను పెట్టేసిన రెండు నిమిషాల్లో చిన్నయ్యను మెడపట్టి గేటు బయటికి గెంటించారు. అప్పుడే రొప్పుతూ వచ్చిన తులసమ్మ వాడి చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ పది అడుగులు నడిచారు. ఈలోగా జీపు వచ్చి ఆగింది.

ఈసారి చిన్నయ్య గడిలో సరిగ్గా పడ్డాడు. నెల్లాళ్ళ శిక్ష పూర్తయిందని భానుమూర్తిగారు ఒప్పుకున్నారు కూడా. కాకపోతే జైలు నుంచి పారిపోవడం వేరే నేరం. దానికి రెండేళ్ళ దాకా పడుతుంది. తోట కాపలాకు శనివారం పొద్దున మైలవరం నుంచి ఇంకెవరో వచ్చి చేరారు.

ప్రజల సమాచారంతో పట్టుబడిన మొట్టమొదటి పరారీ ఖైదీ ఇతడే కావడంతో మంత్రిగారు మళ్ళీ దయచేశారు. తులసమ్మను వేదిక ఎక్కించి శాలువా కప్పారు. "సొంత తమ్ముడని కూడా చూడని ఈ మహాతల్లి" అని కాగితం చూసి చదివారు. చివర మైకు ఆవిడ ముందు పెట్టించారు.

"ఏం కావాలో కోరుకో తల్లీ."

తులసమ్మ ఆ మాట కోసమే వచ్చింది. శాలువా తీసి మడిచి, మంత్రిగారి ముందు బల్ల మీద పెట్టింది.

"ఇది వద్దు బాబూ. నా తమ్ముణ్ణి ఇప్పించండి."

జనం చప్పట్లు కొట్టారు. మంత్రిగారు కూడా కొడుతూనే వీరభద్రరావుగారి వైపు వంగారు.

"తమ్ముడేంటయ్యా? ఇంకోడు కూడా పారిపోయాడా?"

"ఇంకా లేదు సార్. మీ ప్రోగ్రామ్ ఎప్పుడో చెబితే ఏర్పాటు చేస్తాం."