జానెడు పెరిగిన పడవ

"హోటల్ల మంచముంటది, తలుపుంటది, తలుపుకు గొళ్లెముంటది. మీ పడవల ఏమున్నది?" అని అనుపమ కూరగాయలు తరుగుతూనే అడిగింది. ఆ ప్రశ్న పొద్దున ఇడ్లీల దగ్గర మొదలై సాయంత్రం బెండకాయల దాకా వచ్చింది.

"సముద్రమున్నది," అన్నాడు విజయేందర్.

"అది హోటల్ ముంగట సుత ఉంటది."

దసరా సెలవులకు గోవా వెళ్లడం వరకు ఇంట్లో గొడవ లేదు. తెరచాప పడవ అద్దెకు తీసుకుని నాలుగు రోజులు అందులోనే ఉందామని విజయేందర్ పట్టు. అతని ఎత్తు ఆరడుగుల ఐదంగుళాలు. కొడుకు రాకేశ్ ఇంకో అంగుళం ఎక్కువ. తండ్రీకొడుకులు పంజాగుట్టలో ఆటో ఎక్కితే డ్రైవర్ ముందు టాపు వంక చూసుకుంటాడు, తర్వాతే బేరం మొదలుపెడతాడు.

అందుకే నిటారుగా నిలబడగలిగే గది ఉన్న పడవ కోసం విజయేందర్ నెలంతా ఫోన్లో గాలించాడు. చివరికి ఒకటి దొరికింది. దాని యజమాని వీడియోలో గది అంతా చూపించాడు గానీ, కూర్చునే చూపించాడు. ఒకసారి నిలబడమంటే సిగ్నల్ పోయేది.

"మీరిద్దరు దాంట్ల పడ్తరా?" అంది అనుపమ.

"ఆదివారం చూపిస్త. డాబా మీద అచ్చం అసొంటి గదే కట్టిస్త. పొద్దంతా ఉండి చూడు."

"ఉంట. పట్టకపోతే మాత్రం నేను చెప్పిందే."

అమీర్‌పేటలో ఏ శుభానికైనా అశుభానికైనా షామియానా వేసే టెంట్ హౌస్ హనుమాండ్లు ఆదివారం పొద్దున్నే పైపులు, గుడ్డలు మోసుకొచ్చాడు. పడవ గది కప్పు ఆరడుగులేనని యజమాని చివరికి మెసేజ్ పెట్టాడు. విజయేందర్ అతన్ని నీళ్ల ట్యాంకు వెనక్కి తీసుకెళ్లి, జానెడు పైకి కట్టమని చెవిలో చెప్పాడు.

గది లేచింది. విజయేందర్ లోపలికి వెళ్లి, చేతులు నడుం మీద పెట్టుకుని, నౌకాధిపతిలా నిలబడ్డాడు. తల్లి రాజమ్మ లోపలి బల్ల మీద కాళ్లు చాపుకుని, "మంచిగనే ఉన్నది బిడ్డా, గాలొస్తుంది," అని ఓటు వేసింది. అనుపమ ముఖం కొంచెం వాడింది.

అయితే డాబా మీద షామియానా లేస్తే అపార్ట్‌మెంటు ఊరుకుంటుందా? కింది ఫ్లాటు అరుణాదేవి పట్టుచీర కట్టుకుని, పళ్లెంలో పండ్లు పెట్టుకుని వచ్చేసింది. ఆమె వెనక ఇంకో నాలుగు ఫ్లాట్ల వాళ్లు.

"ఏంటి అనుపమగారూ, ఫంక్షన్ పెట్టుకుని చెప్పలేదేంటి?"

"ఫంక్షన్ కాదండి, పడవ," అన్నాడు విజయేందర్.

అరుణాదేవి లోపలంతా కలయజూసింది. "అలాగా. కొబ్బరికాయ కొట్టారా మరి?"

పండ్లతో వచ్చినవాళ్లను పొమ్మనలేరు. అనుపమ టీ పెట్టింది. జనాన్ని చూసి హనుమాండ్లు పిలవకుండానే కుర్చీలు తెచ్చాడు. తెచ్చినవాడు ఊరుకోకుండా అందరి ముందూ అడిగాడు.

"అన్నా, జానెడు ఎక్కువ పెట్టమన్నవు గద, సరిపోయిందా? తల తగుల్తలేదు గద?"

విజయేందర్ టీ కప్పులోకి చూశాడు. దాక్కోవడానికి అందులో చోటు లేదు.

"ఎంత ఎక్కువ పెట్టినవ్, అన్నా?" అని హనుమాండ్లును అడిగింది అనుపమ మెల్లగా.

"గీ జానెడే, వదినె."

"జర దించు. అసలు ఎంతుండాల్నో గంతకే."

కప్పు దిగింది. కూర్చున్నవాళ్లకు తేడా తెలియలేదు. తండ్రీకొడుకులకు మాత్రం మెడలు గొడ్డలి పడిన కొమ్మల్లా వాలాయి. "డాడీ, నాకు మైత్రీవనంల క్లాసున్నది," అని రాకేశ్ వంగినవాడు వంగినట్టే మెట్లు దిగిపోయాడు. విజయేందర్ ఒక్కడే మధ్యాహ్నం దాకా అందరికీ టీలు అందించాడు.

"మీవారికి ఎంత మర్యాదండీ," అంది అరుణాదేవి. "ఒంగి ఒంగి ఇస్తున్నారు."

సాయంత్రం అతను హాల్లో బోర్లా పడుకుంటే, రాజమ్మ నడుముకు బామ్ రాస్తోంది. రాకేశ్ ఒక మూల ఒద్దికగా కూర్చున్నాడు. అనుపమ ఫోన్ పక్కన పెట్టి, గొంతు పెంచకుండా చెప్పింది.

"బుక్ చేసిన."

"హోటలేనా?" అన్నాడు విజయేందర్, దిండులోంచే.

"పడవ."

బామ్ రాస్తున్న చెయ్యి ఆగింది.

"ఏడికి పోయినా తల వంచుకునే ఉంటరు. ఒక్క కాడన్న నిటారుగ నిలబడాల్నని మీకున్నది, నాకు తెల్వదా? ఆ పడవాయనతోని మాట్లాడిన. పైన కప్పే లేదంట. నిలబడుండ్రి, పండుండ్రి, మీ ఇష్టం. మీరు, రాకేశ్ పైన. నేను, అత్తమ్మ కింద గదిల."

ఆ గదిలోని మెత్తని పరుపు మీద విజయేందర్ నెల రోజులుగా మనసులో పడుకుంటున్నాడు. అడిగిందంతా ఇచ్చిన మనిషిని ఏమని కాదనగలడు?

"వానొస్తే?" అన్నాడు చివరికి.

"వానొస్తే వంగి లోపలికి రాండ్రి," అని అనుపమ అన్నం వడ్డించడానికి లేచింది.