అటక మీది పురుడు

ఆ ఉదయం గొడుగుల వ్యాపారి వేసుకున్న లెక్క తేలికైనది. అటక మీది నల్ల గొడుగులు దించాలి, పెద్ద టీచరమ్మకు చూపించాలి, వానలు మొదలయ్యేలోగా బడి పిల్లలందరికీ అంటగట్టాలి. ఆ బేరం పోతే సరుకంతా మళ్ళీ ఏడాదికి నిల్వే. అటకలో చేరిన గబ్బిలాల సంగతి ముందురోజు సాయంత్రమే తేల్చేశాడు. అవి మేతకు వెళ్ళేదాకా ఓపిక పట్టి, చూరు కింది కంతకు పలక కొట్టించాడు.

తలుపు తీసేసరికి లోపల కిచకిచలు. గొడుగుల మధ్య ఒకదాన్నొకటి పట్టుకుని గబ్బిలం పిల్లలు వేలాడుతున్నాయి. ఒంటి మీద నూగు లేదు, కళ్ళు తెరవలేదు. ఎగరలేనివి మేతకు వెళ్ళవన్న పద్దు అతని లెక్కలో లేదు.

"తల్లుల్ని వీధిలోకి గెంటి తలుపేశారా? మీకు చేతులెలా వచ్చాయండీ?" అంది భార్య.

"పిల్లలున్నాయని నాకేం తెలుసే!"

"ముందు ఆ పలక పీకించండి. అవి ఎగిరేలోగా సరుకు కదిపారో, వంట మీరే చేసుకోండి."

ఆ బెదిరింపు ఖరీదు అతనికి తెలుసు. పలక ఊడింది. చూరు పట్టుకుని వేలాడుతున్న తల్లులు లోపలికి దూరాయి. దేని పిల్లను అది వెతుక్కుంది.

అంతలో టీచరమ్మ వచ్చింది. గబ్బిలాలున్నాయని తెలిస్తే ఎదురు దుకాణానికి పోతుంది. అతను గొంతు తగ్గించాడు. "మా చుట్టాలమ్మాయి పైన పురుడు పోసుకుందమ్మా. ఇప్పుడు సరుకు దించితే పసిబిడ్డ ఉలిక్కిపడుతుంది."

"అయ్యో, బిడ్డ కంటే గొడుగులెక్కువా! ఆగుతాంలెండి."

అబద్ధం చవకగానే వచ్చింది. దాని పోషణే భారమైంది. ఆమె రోజూ బడికి వెళుతూ ఆగేది.

"కళ్ళు తెరిచిందా?"

"తెరిచిందమ్మా. ఒంటినిండా నూగు కూడా వచ్చింది."

"పుట్టు నూగు, రాలిపోతుందిలెండి. బోర్లా పడుతోందా?"

"ఇంకా తలకిందులుగానే ఉంటోంది."

లోపల భార్య దగ్గింది. మర్నాడు టీచరమ్మ చిన్న చొక్కాలు పంపింది. ఆ తర్వాత పక్కింటివాళ్ళు ఊయల పంపారు.

పైన పిల్లలు దూలానికి వేలాడుతూనే రెక్కలు సాధన చేస్తున్నాయి. గొడుగు కొనేవాడు పదిసార్లు తెరిచి మూసి చూసినట్టే ఉంది ఆ పని. అతనికి తెలియకుండానే రోజూ ఆ పరీక్ష చూడటం అలవాటైంది.

తలకిందుల మాట టీచరమ్మను నిద్రపోనివ్వలేదు. ఒక సాయంత్రం నర్సును వెంటబెట్టుకుని వచ్చి, అతను అడ్డుపడుతున్నా మెట్లెక్కి తలుపు తీసింది. అప్పుడే పిల్లలు మొదటిసారి దూలాన్ని వదిలాయి. తడబడుతూ గది చుట్టి, ఆమె తల మీదుగా కంతలోంచి బయటపడ్డాయి. నర్సు మెట్టు మీదే కూలబడింది.

వ్యాపారి చేతులు జోడించాడు. "క్షమించండమ్మా. మీ బేరం పోతుందని భయపడ్డాను."

టీచరమ్మ కంత వైపే చూస్తూ అడిగింది. "అన్నీ ఎగిరాయా?"

"అన్నీ ఎగిరాయమ్మా."

"మంచి పని చేశారండీ" అంటూ కళ్ళు తుడుచుకుంది. ఒక గొడుగు తెరిచి, మూసి, జాగ్రత్తగా ఉన్నచోటే పెట్టింది.

బడి గొడుగులు ఎదురు దుకాణంలో కొన్నారు. ఆమెకు అబద్ధం మీద కోపం లేదట, గొడుగులకు పట్టిన గబ్బిలాల వాసన మీదే.