బడికెళ్ళే పిల్లకి పాత జెట్ విమానం

మీ ఇంట్లో బడికెళ్ళే పిల్లలున్నారా? ఇంకేం ఆలోచించకండి, ఓ సెకండ్ హ్యాండ్ జెట్ విమానం కొనేయండి!

నవ్వకండి. నా చదువు ఎనిమిదితో ఆగిందన్న మాట నిజమే గానీ, నాలుగేళ్ళుగా విమానాల షెడ్డులో సీటు కవర్లు కుడుతున్నాను. వ్యాపారస్తులు వాడి అమ్మేసే చిన్న జెట్లు, ఆరుగురు కూర్చునేవి, మా షెడ్డుకే వస్తాయి. వాటి సీట్ల కింద ఏముందో కొనేవాళ్ళ కన్నా నాకే బాగా తెలుసు.

పాతది మనకెందుకని మూతి ముడుస్తున్నారా? పాతదే మేలు! దానికో లాగ్‌బుక్ ఉంటుంది. పుట్టిన దగ్గర్నుంచి ఏ బోల్టు ఎప్పుడు మార్చారో, ఎవరు చూసి సంతకం పెట్టారో అన్నీ అందులో ఉంటాయి. పెళ్ళికి ముందు మా ఆయన గురించి నాకు చెప్పింది అందులో పదో వంతు కూడా లేదు.

కొనేవాళ్ళు సొంత మెకానిక్‌ని తెచ్చుకుంటారు. ఆయన టార్చి పట్టుకుని చక్రాల కింద దూరాడంటే మళ్ళీ భోజనానికే బయటికి రావడం. పోయినేడు లాగ్‌బుక్‌లో ఒక్క పేజీ కనపడలేదని ఓ విమానం రెండు నెలలు కదల్లేదు!

అంతదాకా ఎందుకు? ఓ రోజు నా డబ్బాలో సూది ఒకటి తగ్గింది. అంతే, పనంతా ఆగిపోయింది. నలుగురు పెద్దమనుషులు మోకాళ్ళ మీద పాకుతూ మూడు గంటలు వెతికారు. చివరికి అది నా ఏప్రన్ మడతలోనే దొరికింది. సూపర్‌వైజర్ తిట్టిపోస్తాడనుకున్నా. "దొరికింది, అది చాలమ్మా. ఎక్కేది మనుషులు" అన్నాడంతే. సూది దొరికినట్టు పుస్తకంలో రాసి, నాతో సంతకం పెట్టించాడు.

ఇప్పుడు మా అమ్మాయి బడి వ్యాన్ దగ్గరికి రండి. మా చిట్టెలుకకి ఐదేళ్ళు. పదిమంది పట్టే వ్యాన్‌లో పద్దెనిమిది మంది. మాది డ్రైవర్ పక్కన, గేరు రాడ్డుకి అటో కాలు, ఇటో కాలు. బ్రేకు వేస్తే కీచుమని వీధంతా వినిపిస్తుంది.

"అన్నా, బ్రేకులు ఎప్పుడు చూపించావు?"

"మొన్ననే చెల్లెమ్మా."

"మొన్నంటే ఎప్పుడు?"

"అబ్బబ్బ! ఇరవై ఏళ్ళుగా తోలుతున్నా. బండి ఆగుతోందా లేదా?"

ఇంట్లోకి రాగానే మా అత్తగారు అందుకున్నారు. "అతన్ని అలా పీక్కుతిన్నావంటే పిల్లని ఎక్కించుకోనంటాడు. అప్పుడు నెత్తిన పెట్టుకుని మోస్తావా?"

సరే. నోటుబుక్ కొని షెడ్డులో చూసినట్టే గళ్ళు గీశాను. తేదీ, బ్రేకులు, టైర్లు, తలుపు గడియ, సంతకం. సోమవారం పొద్దున్న డ్రైవర్ చేతిలో పెట్టి, రోజూ చూసి రాయమన్నాను.

"ఓస్, ఇంతేనా!" అన్నాడు. మనిషి మంచివాడే.

మంగళవారం పొద్దున్న పిల్లని ఎక్కించుకుని పుస్తకం తిరిగిచ్చేశాడు. "మొత్తం అయిపోయింది చెల్లెమ్మా! ఇంక నువ్వు దిగులు పడక్కర్లేదు."

తెరిచి చూశాను. ముత్యాల్లాంటి రాత. బ్రేకులు ఓకే. టైర్లు ఓకే. గడియ ఓకే. ఇవాళ్టికి, రేపటికి, వచ్చే నెలకి, బడి మూసేసే రోజుదాకా! ఆదివారాలు కూడా వదల్లేదు!

ఆరుగురు పెద్దవాళ్ళు ఎక్కే విమానంలో ఒక్క సూది కోసం మూడు గంటలు. పద్దెనిమిది మంది పిల్లల బ్రేకులు మాత్రం ఏడాది మొత్తానికీ ఒక్క పూటలో!

చిట్టెలుకని చెయ్యి పట్టి దింపేశాను.

ఇప్పుడు ఇద్దరం నడిచే వెళ్తున్నాం, నలభై నిమిషాలు. వ్యాన్ రోజూ మమ్మల్ని దాటుకుని పోతుంది. మిగిలిన పదిహేడు మందీ చేతులూపుతారు. మలుపు దగ్గర కీచుమనేదాకా నాకు ఊపిరాడదు.

షెడ్డుకి రోజూ ఆలస్యమే. ఆలస్యానికి కారణం పుస్తకంలో రాయాలన్నాడు సూపర్‌వైజర్. మా దగ్గర అన్నిటికీ గడి ఉంటుంది కదా!

"జెట్ ఇంకా కొనలేదు" అని రాసి, కింద సంతకం పెట్టాను.