మాలకొండయ్యకి లారీలో ఉద్యోగం

ఆ పొద్దున ఆకాశం కురవనా మాననా అన్నట్టు బూడిదరంగు మబ్బేసుకుని నిలబడి ఉండగా, ఎరువుల సహకార సంఘం లారీలో ఇంజనుని నడిపే కంప్యూటరు సర్వీసులో ఉండగానే చనిపోయింది. దాంతో నిబంధనల ప్రకారం ఆ ఉద్యోగం దాని కుటుంబంలో ఒకరికి ఇవ్వాల్సి వచ్చింది.

చావు ఉన్నట్టుండి వచ్చింది కాదు. కొంతకాలంగా ఎత్తు ఎక్కేటప్పుడు డీజిలు అడిగితే ఆలస్యంగా ఇచ్చేది. చదునైన రోడ్డు మీద అడగకుండానే ఇచ్చేది. డ్రైవరు పేరయ్య ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. ముసలెద్దుతో సేద్యం చేసినట్టు, దానికి ఊపిరి తిరిగేదాకా కాలు తేలిగ్గా ఆనించి తోలుకొచ్చాడు. చివరికి గోడౌను ముందు అది ఆగిపోయింది. మెకానిక్ మస్తాన్ ఇంజను పక్కనుంచి కంప్యూటరు పెట్టెను విప్పి మూత తీశాడు. లోపలంతా పచ్చగా చిలుం పట్టి ఉంది.

"పోయింది పేరయ్యన్నా. నీళ్ళు దిగినయ్."

పేరయ్య భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

సంఘం కార్యదర్శి సూర్యప్రకాశం వచ్చి చూసి, కొత్త పెట్టె కొనడానికి వీల్లేదన్నాడు. కొనుగోళ్ళ మీద నిషేధం ఉంది. కారుణ్య నియామకాల మీద లేదు. కాబట్టి మనిషిని పెట్టాలి.

"మనిషి ఆగుతాడా సార్ అక్కడ?" అన్నాడు మస్తాన్.

"ఆగకపోతే అతని కుటుంబంలో ఇంకొకరికి ఇస్తాం. నిబంధన అందుకే కదా ఉంది."

చనిపోయిన కంప్యూటరుకి కుటుంబం ఎవరన్నది తేల్చడానికి రెవెన్యూ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. పెట్టె మీద పసుపూ కుంకుమా పొరలు పొరలుగా ఎండి ఉండటం గమనించాడు. విచారిస్తే, ఏటా దసరాకి లారీ పూజ చేసేటప్పుడు పేరయ్య పెళ్ళాం ఆదెమ్మ దానికి బొట్టు పెట్టేదని తెలిసింది.

"ఇంట్లోవాళ్ళకి పెట్టిన చేత్తోనే దీనికీ పెట్టావా అమ్మా?"

"ఆ చేత్తోనేనయ్యా. మా ఇంటాయన పానం దాని చేతిలోనే ఉండె గదా."

ఆయన తృప్తి పడ్డాడు. మృతురాలు ఆ ఇంటి మనిషేనని తేల్చాడు. పేరయ్య ఇప్పటికే ఉద్యోగి కనుక అనర్హుడు. ఆదెమ్మ తన హక్కు తమ్ముడికి వదులుకుంది.

తమ్ముడి పేరు మాలకొండయ్య. డిగ్రీ చదివి, పడిన ప్రతి పరీక్షా రాసి, వయసు పరిమితి అంచుకి వచ్చి, అక్క ఇంట్లోనే ఉంటున్నాడు. ఆ ఇంట్లో మాటన్నది అతనిదే. కోళ్ళకి పేర్లు పెట్టేవాడు. టీవీలో వార్తలు చదివే ఆవిడతో తగాదా పడేవాడు. మా బావ హారనుతో తప్ప మాట్లాడడని ఊరంతా చాటేవాడు. పేరయ్య కసురుకునేవాడు గానీ, కిరాయి నుంచి తిరిగొస్తూ సందు మొదట్లోనే ఇంజను ఆపి ఒక్క క్షణం చెవొగ్గేవాడు. ఆ గొంతు వినపడితే ఇల్లు చేరినట్టు.

"బావా, ఇన్నాళ్ళూ నీ తిండి తిని నీ మాట వినలా. ఇప్పుడు నీ కాలు మాట గూడా వినాల్సొచ్చింది, చూశావా కర్మ!" అన్నాడు మాలకొండయ్య ఉత్తర్వు చేతికి రాగానే.

"వేడిగా ఉంటది" అన్నాడు పేరయ్య.

"పెళ్ళాం దగ్గర కంటేనా?"

"పెళ్ళయితే గదరా తెలిసేది. ముందు పోయి చేరు" అంది ఆదెమ్మ.

వైద్య పరీక్ష జరిగింది. ఊపిరి బిగపట్టగలడా, దుమ్ముకి ఓర్చుకుంటాడా, నిద్ర లేకపోతే చిరాకు పడతాడా అన్నవి డాక్టరు చూశాడు. నాలుక చాపమని చూసి, ఇది బాగా వాడకంలో ఉన్నట్టుంది, విధులకు అడ్డం రావచ్చని ఒక అభిప్రాయం చెప్పాడు. మిగతా విషయాల్లో అభ్యర్థి యోగ్యుడే.

పెట్టె ఉండే చోటు చిన్నది. మొదటి రోజు మాలకొండయ్య మోకాళ్ళు గడ్డానికి ఆనించి కూచున్నా తల పట్టలేదు. మస్తాన్ తొయ్యలేదు, ఎవరూ బలవంతం చెయ్యలేదు. రోజూ పోయి కూచుంటూ ఉంటే వారం తిరిగేసరికి అతనే ఒదిగిపోయాడు. చూడవచ్చిన ఇరుగుపొరుగు వాళ్ళు, ఉద్యోగం వచ్చాక మనిషి నాజూగ్గా తయారయ్యాడన్నారు. వైర్లన్నీ తగిలించాక పేరయ్య సీట్లో కూచుని తాళం తిప్పాడు. ఇంజను కదల్లేదు.

మస్తాన్ పెట్టె లోపలి సంగతులు చదివే తన మిషను తగిలించి చూశాడు.

"లోపల ఖాళీ లేదన్నా. కొత్తది ఖాళీగా రావాల, మనం ఈ బండి సంగతులు ఎక్కించాల. ఈయన నిండుగా వచ్చాడు."

"అయితే ఖాళీ చెయ్యి" అన్నాడు సూర్యప్రకాశం. సాయంత్రంలోగా బండి కదలకపోతే నియామకం రద్దవుతుందని, రద్దయితే వయసు దాటిపోయినట్టేనని, ఇంక ఏ ఉద్యోగానికీ అర్హత ఉండదని ఓపిగ్గా వివరించాడు.

డ్రైవరు సీటు పక్కనున్న ఇంజను మూత తెరిచే ఉంది. మస్తాన్ మిషను మీద కనపడినవి ఒక్కొక్కటే చదివి, తీసెయ్యనా అని అడగడం మొదలుపెట్టాడు. ముందుగా దేశాల రాజధానులు, యుద్ధాలు, ఎవరు ఎప్పుడు ఏం కనిపెట్టారన్నవి వచ్చాయి.

"తీసెయ్ మస్తానూ. ఎన్ని పరీక్షలు రాసినా అయ్యి నాకు కూడు పెట్టలా."

ఇంజను ఒకసారి దగ్గింది. తరవాత పాటలు పోయాయి. బావిలో ఈత పోయింది. కోళ్ళ పేర్లు పోయాయి. ఒక్కొక్కటి పోయినప్పుడల్లా ఇంజను కాస్త ఎక్కువసేపు దగ్గుతోంది.

"బావా, నీ మీద దాచిపెట్టినయ్ చానా ఉండయ్యి. పోతన్నయ్. ఒక్కటన్నా చెప్పనా?"

"చెప్పు" అన్నాడు పేరయ్య.

ఇంజను ఇంకోసారి దగ్గింది.

"పోయింది బావా."

ఇంజను అంటుకుంది, నాలుగు తిప్పులు తిరిగి ఆగింది.

"ఇంక మిగిలింది ఇంటోళ్ళే. అక్కే ఎక్కువ చోటు పట్టింది" అన్నాడు మస్తాన్, మిషను మీదనుంచి తల ఎత్తకుండా. బండి తీసుకునేది డ్రైవరు కాబట్టి, అవునో కాదో అతనే చెప్పాలట.

ఆదెమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది.

"ఉద్యోగమయ్యా, ఉద్యోగం. వాడు నన్ను మర్చిపోతే ఏంది? నేను వాణ్ణి మర్చిపోతానా?" అంది. అంటూనే క్యాబిను కడ్డీని గట్టిగా పట్టుకుంది.

"బావా, నువ్వేమంటావ్?"

పేరయ్య నోరు తెరిచాడు. అక్కడ వానొస్తే నీళ్ళు దిగుతాయి. ఎలుకలు వైర్లు కొరుకుతాయి. ఎండాకాలం ఇనుము ముట్టుకుంటే చర్మం ఊడొస్తుంది. పాతదానికి అవన్నీ ఎట్లా జరిగాయో పక్కనే కూచుని చూసినవాడు అతనొక్కడే. చెప్పాల్సింది చాలా ఉంది. కానీ అతనికి వరసగా మాటలు పేర్చడం అలవాటు లేదు. గోడౌను ముందు ఎరువు కోసం జనం ఎండలో వరస కట్టి ఉన్నారు. సూర్యప్రకాశం గడియారం చూసుకున్నాడు.

"సరే" అన్నాడు పేరయ్య.

మస్తాన్ మీట నొక్కాడు. ఇంజను అంటుకుని, ఆగకుండా తిరిగింది.

బండి బాగా నడుస్తోంది. పేరయ్య కాలు ఎంత అడిగితే అంత వస్తుంది, ఎత్తుల్లో ఆయాసం లేదు, నల్లపొగ లేదు, డీజిలు కూడా మిగులుతోంది. సంఘం సమావేశంలో ఆ సంగతి చెప్పుకుని చప్పట్లు కొట్టారు. పెళ్ళికెదిగిన కొడుకులున్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి లారీని చూసిపోయారు. కొందరు మస్తాన్‌ని పక్కకి పిలిచి, సంఘంలో మిగతా లారీల కంప్యూటర్ల ఆరోగ్యం ఎట్టా ఉందని అడుగుతున్నారు. పండగా పబ్బం లేకపోయినా, పొద్దున్నే స్నానాలు చేసి వచ్చి ఆ పెట్టెలకి బొట్లు పెట్టిపోయే ఆడవాళ్ళు ఎక్కువయ్యారు. ఒక లారీ దగ్గర రెండు కుటుంబాలు కొట్టుకున్నాయి కూడా.

మొదటి ఆదివారం ఆదెమ్మ క్యారేజీ కట్టుకుని గోడౌను దగ్గరికి వచ్చింది. ఇంజను చల్లబడేదాకా ఆగి, పేరయ్య మూత తెరిచాడు. ముగ్గురూ క్యాబిన్లోనే సర్దుకున్నారు. ఆమె పళ్ళేల్లో అన్నం పెట్టి, చేపల పులుసు పోసి, ఒక పళ్ళెం మూత లోపలికి అందించింది. మాలకొండయ్య అందుకున్నాడు. ఒకే కొలత ముద్దలు చేసి, ఒకే తీరుగా తినసాగాడు.

పులుసులో ఉప్పు లేదు. పేరయ్యకి మొదటి ముద్దలోనే తెలిసింది. కాపరానికి వచ్చింది మొదలు ఆదెమ్మ ఉప్పు మరిచిన మనిషి కాదు. ఆమె చెయ్యి కడుక్కోకుండా, పళ్ళెం ముట్టకుండా, తమ్ముడి నోటి వంకే చూస్తూ కూచుంది. కూరలో గోరంత తేడా వస్తే వీధి చివరిదాకా వినపడేలా అక్కని ఏడిపించేవాడతను.

మాలకొండయ్య ముద్ద మింగి, ఇంకో ముద్ద చేశాడు.

ఆదెమ్మ పేరయ్య వైపు తిరిగింది. అతను తలొంచుకుని తింటున్నాడు. కాసేపటికి ఆమె కూడా పళ్ళెం దగ్గరికి లాక్కుని, అన్నం కలుపుకుంది.