ఓరిక్టోలాగస్ తప్పించుకుంది

కాలేజీకి సెలవు కదా, అమ్మాయి బడి నుంచి వచ్చేలోగా దాని కుందేలు బోను కడిగిపెట్టి శభాష్ అనిపించుకుందామని జంతువులకు లాటిన్ పేర్లే వాడే మా లాటిన్ మాస్టారు పొద్దున్నే నడుం బిగించారు. బోను తళతళలాడింది. తలుపు మూయడం మరిచారు. కుందేలు మెట్లమీదుగా చక్కా పోయింది. జంతుశాస్త్రం చెప్పే మనిషి చేతిలోంచి జంతువు పారిపోవడం! పంతుళ్ళం ఇంతే. చెప్పమంటే గంటలు చెబుతాం గానీ, పట్టుకోమంటే మన వల్ల కాదు.

"అయ్యో నా రాత! అది కనబడకపోతే పిల్ల అన్నం ముట్టదు. కుందేలు పోయిందని బిల్డింగు గ్రూపులో పెట్టండి," అంది భార్య.

"కుందేలంటే ఎలాగే? అడవిలో పరిగెత్తే లెపస్‌నీ కుందేలే అంటారు. మనది బొరియల్లో ఉండే జాతి. పొరపాటున ఎవరైనా లెపస్‌ని తెచ్చిస్తే?"

"తెచ్చేవాళ్ళు వరసకట్టి నిలబడ్డారు మరి!"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం ఆయన. ఇక్కడ పట్టింది కూడా లేదు. "మా ఇంట్లోంచి ఓరిక్టోలాగస్ క్యూనిక్యులస్ తప్పించుకుంది. బెదిరితే కరుస్తుంది. మెల్లగా పట్టుకోండి," అని పెట్టేశారు.

తలుపులన్నీ దబదబా మూసుకున్నాయి. "ఎంత పొడుగు సార్?" అని ఒకరడిగారు. "అడుగు దాటదు," అన్నారు మాస్టారు. "పిల్లపామన్నమాట!" అన్నారు ఇంకొకరు. "పాము కాదండీ, నాలుగు కాళ్ళున్నాయి," అని సవరించారు. "బాబోయ్, మొసలి!"

వాచ్‌మన్ గేటుకు తాళం వేసి మోటారు గది మీదికెక్కాడు. ఇక లాభం లేదని మాస్టారు అచ్చతెలుగులోకి దిగి, "వెతకాల్సింది చెవులపిల్లిని," అని రాశారు. కుందేలుకు ఆ పేరుందని ఈ రోజుల్లో ఎవరికి తెలుసు? కాసేపటికి వాచ్‌మన్ ఒక బూడిదరంగు పిల్లిని చంకనేసుకొచ్చాడు. "చెవులు రెండూ ఉన్నాయి సార్, చూసుకోండి."

బడి బస్సు వచ్చే వేళయింది. భార్య విసురుగా మెట్లు దిగి కింది ఫ్లాటు బామ్మగారి తలుపు కొట్టింది. "మా కుందేలు గానీ ఇటొచ్చిందా బామ్మగారూ?"

"మీదా తల్లీ? పొద్దున్నే వచ్చింది. ఆ మాయదారి ఓరిక్టో ఏదో, దాని నోట పడుతుందని వంటింట్లో పెట్టి గడియేశా. అది దొరికేదాకా తీయను."

"అదే ఇదండీ!" వెనకే వచ్చిన మాస్టారు మొత్తుకున్నారు.

"నాకు చెప్పకు నాయనా. ఇంత ప్రాణికి అంత పేరు ఎవరు పెడతారు?"

వీధి మలుపులో బస్సు హారన్ వినబడింది. మాస్టారికి ఏడుపొక్కటే తక్కువ. చేసేది లేక, "ఓరిక్టోలాగస్ దొరికింది," అని పెట్టారు. బామ్మగారు అది రెండుసార్లు చదివించుకుని గడియ తీశారు. అమ్మాయి వచ్చేసరికి కుందేలు బోనులో ఉంది. మాస్టారికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

గ్రూపు నిండా చప్పట్లే. "ఇంతకీ దాన్నేం చేశారు సార్?" అని ఎవరో అడిగారు. ఉన్నమాట తప్ప రాయలేని మనిషి కదా, "మా అమ్మాయి ఒళ్ళో నిద్రపోతోంది," అని రాశారు.

పాపను కాపాడడానికి ఫైరింజన్ వచ్చింది.