దూదికీ బొగ్గుకీ జరగని యుద్ధం

ఆ ఆదివారం పొద్దున కళ్ళద్దాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. పిల్లులు రెండింటికీ తిండి పెట్టాలి, అవి భీకరంగా కొట్టుకున్నాయని ఒక అబద్ధం రాసి భార్యకి పంపాలి, కిందికి దిగి దుకాణం తెరవాలి. ఇందులో అబద్ధం రాయడమే కాస్త శ్రమ. మిగతావి అలవాటైన పనులే.

ఆయనది కళ్ళద్దాలు తయారుచేసే పని. కింద దుకాణం, పైన ఇల్లు. భార్య వంతెనలు కట్టే ఇంజినీరు. వానలు వెనకబట్టగానే ఎక్కడో పెద్ద నది మీద పనికి వెళ్ళింది, ఇంకా రాలేదు. వెళ్ళిన కొత్తలో ఫోన్ చేసుకున్నప్పుడల్లా ఇద్దరికీ ముక్కులు ఎగబీల్చుకోవడంతోనే సరిపోయేది. ఆ దిగులులో ఈయన ఒక ముసలావిడకి కుడికంటి అద్దం తీసుకెళ్ళి ఎడమకంటికి బిగించాడు. దాంతో ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు. ఇక మీదట బెంగ మాట ఎత్తకూడదు, సరదా కబుర్లే చెప్పుకోవాలి.

సరదా కబుర్లంటే పిల్లుల సంగతులే. నల్లది బొగ్గు, తెల్లది దూది. ఆమె ఇంట్లో ఉన్న రోజుల్లో సెలవురోజు సాయంత్రం ప్లంబరూ ఆయన భార్యా వచ్చేవారు. నలుగురూ కూర్చుని పాత్రల ఆట ఆడేవారు. ఆ ఆటలో ఒకరు యోధుడు, ఒకరు మంత్రగత్తె. ఒక్కొక్కరికి కొన్ని విద్యలు, ఇన్ని ప్రాణాలు. వేసిన దెబ్బ తగిలిందో లేదో ఇరవై ముఖాల పాచిక దొర్లించి తేల్చేవారు. కథ నడిపేది ఆమే. వెళ్ళేటప్పుడు పాచిక కూడా తీసుకెళ్ళింది. అందుకని కొత్త ఏర్పాటు చేసుకున్నారు. ఇక్కడ పిల్లి వేసిన ఎత్తుకి ఈయన పేరు పెట్టి రాస్తాడు, అక్కడ ఆమె పాచిక వేసి అంకె చెబుతుంది, గెలుపోటములు ఆ అంకెను బట్టి.

"దూది, ఐదో లెవెల్. విద్య: తలుపుచాటు మెరుపు. తగిలితే శత్రువు తన తోకనే మరో శత్రువనుకుని గిరగిరా తిరుగును," అని రాసేవాడు. "బొగ్గు, ఆరో లెవెల్. విద్య: వెల్లకిలా సుడిగాలి. వెనక కాళ్ళు రెండూ పనిచేయును. ఓడిపోతే వెంటనే అమాయకపు నాకుడు. పంజా నాకుతూ కూర్చుంటే జరిగిన పరాభవం జరగనట్టే లెక్క. ఈ విద్యని ఎన్నిసార్లైనా వాడుకోవచ్చును." ఆమె ఫోన్‌లో పడీపడీ నవ్వేది. ఆ నవ్వు కోసమే ఆయన రోజంతా ఎత్తులు ఆలోచించేవాడు.

నిజానికి ఆ పిల్లులు కొట్టుకోవడం మానేసి చాలాకాలమైంది. అవి కొట్టుకున్నదంతా ఆమె ఒడి కోసం. సాయంత్రం ఆమె కుర్చీలో కూర్చోగానే ఒకటి ఎక్కేది, రెండోది దాన్ని దింపేది, అక్కణ్ణుంచి రణరంగం. ఆమె వెళ్ళాక కొద్దిరోజులు పాత పగలతో నెట్టుకొచ్చాయి. తర్వాత ఎందుకు కొట్టుకోవాలో వాటికే తోచలేదు. ఒకటి చెప్పుల పక్కన, ఒకటి కిటికీ గట్టు మీద, వీధి తలుపు వైపు చూస్తూ పడి ఉంటాయి. ఆయన ఒడి వాటికి అక్కర్లేదు. అందుకు ఆయనకి కోపమూ లేదు. చీకటి పడే వేళకి ఆయన చూసేదీ ఆ తలుపు వైపే. ఆ ఇంట్లో ముగ్గురికీ ఒకటే జబ్బు.

అబద్ధం ఇంకా మొదలుపెట్టకముందే ఫోన్ మోగింది.

"ఇవాళ రాయక్కర్లేదు," అంది ఆమె హుషారుగా. "మధ్యాహ్నం భోజనాల దగ్గర వీడియో కాల్ చేస్తాను. యుద్ధం చూపించు."

"ఎవరికి?"

"సైటు మొత్తానికి! రోజూ చదివి వినిపిస్తున్నాగా, ఇక్కడ రెండు పార్టీలైపోయాయి. క్రేన్ ఆపరేటరు బొగ్గు పార్టీ, వంటాయన దూది పార్టీ. నిన్నట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఫ్రిజ్ మీంచి పిడుగు కళ్ళారా చూస్తేగానీ నమ్మనని వంటాయన పట్టుబట్టాడు."

ఫ్రిజ్ మీంచి పిడుగు క్రితం వారం ఈయన పళ్ళు తోముకుంటూ కల్పించినది.

"అన్నట్టు, రెండో వంతెన కూడా నన్నే చూడమంటున్నారు," అంది ఆమె, ఈసారి కాస్త నెమ్మదిగా. "ఇది అవగానే ఇక్కడే ఇంకో ఏడాది. సాయంత్రంలోగా చెప్పాలిట. అక్కడ మీరంతా బాగానే ఉన్నారు కదా. సరేననేదా?"

'వద్దు, వచ్చెయ్' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఒట్టు గుర్తొచ్చి దాన్ని మింగేశాడు. "నీ ఇష్టం," అన్నాడు. "మేం బ్రహ్మాండంగా ఉన్నాం."

"సరే అయితే," అని పెట్టేసింది.

ఆయన అక్క ఆ వీధిలోనే బట్టలు కుడుతుంది. ఈయన పిలవగానే మెళ్ళో టేపుతోనే పరిగెత్తుకొచ్చి అంతా విన్నది. "ఒరేయ్, యుద్ధం చూపిస్తే అది ఇంకో ఏడాది అక్కడే ఉండిపోతుంది. చూపించకపోతే నువ్వు అబద్ధాలకోరువని సైటంతా తెలుస్తుంది. నీకేది కావాలి?"

"అదే తెలియట్లేదక్కా. కానీ అంతమందిలో తన పరువు పోకూడదు."

"సరే, అయితే కొట్టుకునేలా చేద్దాం. ఆ పిల్లులకి కావలసింది ఒడేగా? నీది పెట్టు."

"నాది వాటికి నచ్చదు."

"నచ్చేలా చేస్తాను, ఉండు."

అక్క బీరువా తీసి మరదలి ఆకుపచ్చ స్వెట్టరు లాగింది. అది ఆయనకి భుజాల దగ్గర బిగుసుకుపోయి, చేతులు మోచేతులు దాటి రాలేదు. నెత్తిన ఆమె స్కార్ఫు కట్టింది, చేతులకి ఆమె వాడే క్రీము పూసింది, ఆమె కుర్చీలో కూలేసింది. ఆ క్రీము వాసన తగలగానే పిల్లుల మాటేమోగానీ ఆయనకే కళ్ళు చెమర్చాయి. బొగ్గు ఒక కన్ను తెరిచి, ఎగాదిగా చూసి, మళ్ళీ మూసుకుంది. దూది అదీ చెయ్యలేదు.

సరిగ్గా అప్పుడు లెక్కల మాస్టారు మెట్లెక్కి వచ్చారు. రిటైరైన మనిషి. ఆయన కళ్ళద్దాలు కొత్త అద్దాలు బిగించడానికి దుకాణంలో ఉన్నాయి. ఎంతకీ దుకాణం తెరవకపోయేసరికి గోడ తడుముకుంటూ పైకే వచ్చేశారు. కళ్ళద్దాలు లేకపోతే ఆయనకి మనుషులు రంగులుగానే కనిపిస్తారు. కుర్చీలో ఆకుపచ్చ రంగు కనిపించింది.

"ఎవరూ, ఇంజినీరమ్మా? వచ్చేశావా తల్లీ!"

'నేనే, మాస్టారూ' అని కళ్ళద్దాలాయన అప్పుడే చెప్పి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. కానీ ఒంటిమీద పెళ్ళాం స్వెట్టరు, నెత్తిన స్కార్ఫు. సిగ్గుతో తలూపేశాడు.

"ఎంత మంచి పని చేశావమ్మా!" అన్నారు మాస్టారు. "నువ్వు లేక మీ ఆయన మనిషి కాదంటే నమ్ము. నిన్న నా అద్దాలు చేతికిస్తూ ఇస్తూ, మళ్ళీ తీసుకెళ్ళి లోపల పెట్టేసుకున్నాడు. పిలిస్తే పలకడు. వీధిలో బస్సు ఆగితే చాలు, పని వదిలేసి గుమ్మంలోకొస్తాడు. ఇంక వెళ్ళకు తల్లీ." ఈలోగా అక్క కిసుక్కున నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. మాస్టారు ఆ శుభవార్త మోసుకుని, దిగేటప్పుడు గోడ కూడా పట్టుకోకుండా దిగిపోయారు.

వీధికి ఆ కబురు చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. ముందు పూలావిడ ఒక గుత్తి పట్టుకొచ్చింది. వెనకే రొట్టెల దుకాణం తాతగారు వేడి రొట్టె తెచ్చారు. స్వెట్టరులో ఉన్నది ఎవరో చూశాక ఒక్కరూ వెళ్ళే ఉద్దేశంలో లేరు. ఇంకొకరు వచ్చి చూసి ఆశ్చర్యపోతే చూడాలని కూర్చున్నారు. చివరికి ప్లంబరు దంపతులు తమ పాత్రల కాగితాలు సంకలో పెట్టుకుని వచ్చారు.

"వదినేది అన్నయ్యా? ఆట మళ్ళీ మొదలని వచ్చాం!" అంటూ నాలుగువైపులా చూశాడు ప్లంబరు. కుర్చీలో ఉన్న మనిషిని చూసి, ఇల్లు అదిరేలా నవ్వాడు. గదంతా అందుకుంది. స్వెట్టరు విప్పుదామని చూస్తే అది తలదగ్గర ఇరుక్కుంది. విడిపించడానికి ఒక్కొక్కరూ ఒక్కో చెయ్యి వేశారు. ఆ గలాటాలో ఫోన్ మోగితే ప్లంబరు చటుక్కున ఎత్తాడు.

తెర మీద ఆమె, ఆమె వెనక కంచాలు పట్టుకుని యాభైమంది. ఇటు గదినిండా జనం, పూలు, రొట్టె, నవ్వులు.

"ఏంటీ, ఇంట్లో పండగా?" అంది ఆమె.

"పండగే వదినా! మా అన్నయ్య ఉన్నచోట నవ్వులకి లోటేముంది!" అన్నాడు ప్లంబరు, మంచి చేస్తున్నాననుకుని.

ఆమె నవ్వబోయి నవ్వలేకపోయింది. "నేను లేకపోయినా ఇల్లు ఇంత కళకళలాడుతోందన్నమాట. మంచిదే. రెండో వంతెనకి సరేనని చెప్పేస్తాను."

కళ్ళద్దాలాయన స్వెట్టరులోంచి తల బయటపెట్టి ఫోన్ లాక్కున్నాడు. కుర్చీలో కూలబడి దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఏయ్, నా మాట విను," అన్నాడు. "ఒక్క నిమిషం ఆగు."

"వింటున్నా, చెప్పు," అంది ఆమె.

ఆ గొంతు ఆయన ఒళ్ళోంచి వచ్చింది. కిటికీ గట్టు మీద దూది లేచి నిలబడింది. చెప్పుల పక్కన బొగ్గు చెవులు నిక్కబొడుచుకుంది. ఎన్నో నెలల తర్వాత ఆ ఒళ్ళోకి ఆవిడ వచ్చింది!

దూది ఒక్క గెంతులో ఫోన్ మీద వాలింది. బొగ్గు కుర్చీ కిందినుంచి వచ్చి దాని మెడ పట్టింది. "అదిగో తలుపుచాటు మెరుపు! కాదు కాదు, వెల్లకిలా సుడిగాలి!" అని ప్లంబరు ఫోన్ అందుకుని యుద్ధం వైపు తిప్పి గొంతు చించుకున్నాడు. సైటులో కంచాలు మోగాయి. పూలు చెల్లాచెదురైపోయాయి, తాతగారు రొట్టెని గుండెకి హత్తుకుని గోడవారకి జరిగారు. బొగ్గు ఫ్రిజ్ మీదికి పాకి అక్కణ్ణుంచి నిజంగానే పిడుగులా దూకింది. దూది తప్పుకుంది. పిడుగు కళ్ళద్దాలాయన నెత్తిమీద పడి, అక్కడే అమాయకపు నాకుడు మొదలుపెట్టింది.

"బొగ్గుకీ జై!" అని నదీతీరం మార్మోగింది.

"చూశారుగా," అంది ఆమె గొంతు, ఆ గోలలో నీరసంగా. "నేను చెబితే నమ్మలేదు. రోజూ ఇంతే మా ఇల్లు."

"కాదు!" అని అరిచాడు ఆయన, నెత్తిన పిల్లితోనే. "అంతా అబద్ధం. నువ్వెళ్ళిన కొద్దిరోజులకే ఇవి కొట్టుకోవడం మానేశాయి. రాసినవన్నీ నేను కల్పించినవే. ఇవాళ నీ గొంతు విని కొట్టుకుంటున్నాయి. ఇవి తలుపువైపు చూస్తూ పడుంటున్నాయి, నేనూ పడుంటున్నాను. ఒట్టు లేదు, గిట్టు లేదు. నాకు నువ్వు కావాలి. వచ్చెయ్!"

అటు కంచాల మోత ఆగింది. దూది కూడా ఆగింది. పూలావిడ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"పాచిక లేదు," అంది ఆమె.

"ఏంటి?"

"వచ్చిన వారంలోనే నదిలో పడిపోయింది. ఒడ్డున నిలబడి నీకోసం ఏడుస్తూ కళ్ళు తుడుచుకోబోతే చేతిలోంచి జారిపోయింది. ఇన్నాళ్ళూ నోటికొచ్చిన అంకె చెప్పాను." గొంతు సవరించుకుంది. "పొద్దున నువ్వు వద్దంటావేమోనని అడిగాను. 'బ్రహ్మాండంగా ఉన్నాం' అన్నావు. ఎంత ఏడుపొచ్చిందో తెలుసా?"

"మరి వంతెన?"

"రెండోదానికి ఇంకా ముగ్గే పోయలేదు. ఈ పని ముగించి వచ్చేస్తాను. అది మొదలయ్యేనాటికి ఇద్దరం కలిసే వద్దాం, పిల్లుల్ని కూడా తీసుకుని. కంపెనీవాళ్ళు ఒప్పుకుంటే చేస్తాను, లేకపోతే ఆ వంతెన ఇంకెవరిచేతనైనా కట్టించుకోమంటాను."

ఇటు గదిలో చప్పట్లు మోగాయి. అటు క్రేన్ ఆపరేటరు ముందుకు తోసుకొచ్చాడు. "అదంతా బాగుందండీ. మేడమ్ వెళ్ళిపోతే ఆ తర్వాత మాకు యుద్ధం కబుర్లు ఎవరు చెబుతారు?"

"నేనే పంపిస్తాను," అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ. "ఈసారి నిజమైనవి."

మాట నిలబెట్టుకుంది. ఇల్లు చేరిన సాయంత్రమే సైటుకి మొదటి కబురు వెళ్ళింది: నా ఒడి కోసం యుద్ధంలో బొగ్గు క్షేమం, దూది క్షేమం, మా ఆయన మోచేతికి కట్టు.